తిరుగు జాడ

ఇసకలోన ఇల్లు కట్టి
ఇంటికి తలుపు పెట్టలేదు
తలుపు లేని ఇంటిలోకి
గాలి వచ్చి కూచుంది
గాలికేమి పెట్టనమ్మా...

పాట అక్కడిదాకా వచ్చేది. ఆ తర్వాత గాలికి ఏం పెట్టారో, గాలి తిన్నదో, అలిగి వెళ్ళిపోయిందో జాడలమ్మకి గుర్తులేదు. చిన్నప్పుడు ఆడపిల్లలంతా ఎదురెదురుగా కూర్చుని చప్పట్లు చరుస్తూ పాడుకున్న పాట. మిగతా సగాన్ని అందులో ఏ పిల్లో తనతోపాటు పట్టుకుపోయినట్టుంది. అందుకని రోజూ పొద్దున్నే శాలువా కప్పుకుని, పెరటి తలుపు తీసుకుని, గుర్తున్న సగమే పాడుకుంటూ బయల్దేరేది. గాలికేమి పెట్టనమ్మా అనే చోటుకి వచ్చేసరికి లోయ మొదలయ్యేది.

వాళ్ళ ఇల్లు వీధిలో ఆఖరిది. ఇల్లు దాటితే ఇసుక. ఇసుక దాటితే రెండు కొండలు ఒకదాన్నొకటి చూసుకుంటూ నిలబడి ఉంటాయి. వాటి మధ్య నుంచి జీపు దారి. సందుల్లో దూరి, వాగులో దిగి, బండలెక్కి, చివరికి చూపుల బండ అనే చోటుకి చేరుతుంది. మామూలు కార్లు ఆ దారి మొహం చూసి వెనక్కి తిరుగుతాయి. నాలుగు చక్రాలూ లాగే జీపులే పోగలవు. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, ఈ జీపులెక్కి, పైకి వెళ్ళి, ఎండ వాలే వేళకి కొండలు రంగులు మారడం చూసి, నోళ్ళు తెరుచుకుని దిగొస్తారు. జాడలమ్మ మొగుడికి పెళ్ళికి ముందు నుంచీ వాళ్ళని తీసుకెళ్ళి తీసుకురావడమే పని. ఊళ్ళో అందరూ ఆయన్ని జీపాయన అంటారు.

అన్ని చోట్లా చక్రం పోయాక దాని వెనక జాడ పడుతుంది. ఆ లోయలో మటుకు జాడే ముందు పడుతుంది. ఏ జీపు లోపలికి వెళ్ళాలో ఆ జీపు జాడలు తెల్లారేసరికి ఇసుకలో సిద్ధంగా ఉంటాయి. టైరు మీద బాణం ములుకుల్లా గట్లుంటాయి కదా, ఆ ములుకులు లోపలికి చూస్తుంటే పోయే జాడ, బయటికి చూస్తుంటే తిరుగు జాడ. ఏ రాయి మీదికి ఎక్కాలో, వాగులో ఎక్కడ దిగాలో, అంతా వాటిలోనే ఉంటుంది. నడిపేవాడు తన చెప్పుల్లో తను కాళ్ళు పెట్టుకున్నట్టు చక్రాల్ని వాటిలో పెట్టుకుని పోవడమే. చక్రం దాటగానే ఆ జాడ చెరిగిపోతుంది. ఊళ్ళోవాళ్ళు ఎండా వానల గురించి అడిగినట్టే వాటి గురించీ అడుగుతారు.

"మీ జాడలెలా ఉన్నాయి ఇవాళ?"

"ఎడమకి లాగుతున్నాయి. టైర్లో గాలి చూసుకోవాలి."

అంతే, ఆ మాట అక్కడితో సరి.

ఒక్క కట్టడి మాత్రం ఉంది. నడిపేవాడు పొద్దున్నే వెళ్ళి లోయ ముందు జాడలు చూసుకోకూడదు. తన రోజు ఎలా ముగుస్తుందో ముందే చూసినవాడికి చేతులు బిగుసుకుపోతాయి. అందుకని ప్రతి జీపు ఇంట్లోనూ చూసొచ్చి చెప్పేవాళ్ళు ఒకళ్ళుంటారు. ఒకరికి తల్లి, ఒకరికి బావమరిది. జీపాయనకి పెళ్ళాం. అలా చూసి చూసి ఆవిడకి జాడలమ్మ అనే పేరు పడిపోయింది. అసలు పేరు అడిగితే ఆవిడే ఒక్క క్షణం ఆలోచించాలి.

ఒక్కో జీపు టైరుది ఒక్కో అచ్చు. ఆ పొద్దున జాడలమ్మ చూసేసరికి తమ జీపువి పోయే జాడలున్నాయి. కుడివైపు జాడ మీద ఎప్పటిలాగే ఒత్తిడి ఎక్కువ. అది ఆయన కూర్చునే వైపు, ఆయన పొట్ట బరువు. తిరుగు జాడలే లేవు.

ఆవిడ ఈ పక్క నుంచి చూసింది, ఆ పక్క నుంచి చూసింది. గొంతుక్కూర్చుని ఇసుక మీద అరచెయ్యి వేసి నిమిరింది. బాణాలన్నీ లోపలికే చూస్తున్నాయి. బయటికి చూసేది ఒక్కటీ లేదు.

ఇలా ఇదివరకు ఒక్కసారే జరిగింది. పొడుగు డ్రైవరని ఒకతనుండేవాడు. వాళ్ళమ్మ చూసొచ్చి చెప్పింది. అతను నవ్వి, వెళ్ళాడు. ఆ కథని ఊళ్ళో ఎవరూ రెండోసారి చెప్పుకోరు.

పోనీ అసలు వెళ్ళకుండా ఇంట్లో కూర్చుంటేనో? కూర్చోవచ్చు. కానీ జాడలు ఎక్కడికీ పోవు. పిలవని చుట్టంలా గుమ్మంలోనే కూర్చుంటాయి. వాగులో కూరుకుపోయే జాడ పడిందని ఒక పెద్దమనిషి వానాకాలమంతా జీపు తియ్యలేదు. ఇక ఫరవాలేదనుకుని కొత్త బూట్లేసుకుని వెళ్ళి, అదే వాగులో, అదే చోట, మోకాలి లోతున కూరుకున్నాడు. బూట్లు ఇప్పటికీ వాగులోనే ఉన్నాయంటారు.

ఆవిడ ఇంటికొచ్చేసరికి జీపాయన బానెట్ ఎత్తి లోపలికి తొంగి చూస్తున్నాడు.

"ఎలా ఉన్నాయే?"

"బాగానే ఉన్నాయి." నోట్లోంచి అదే వచ్చింది. వెంటనే, "ఇవాళ వద్దులెండి, నాకు మోకాలు పట్టేసింది" అంది.

"జీపు నడిపేది నీ మోకాలా?"

"పక్కన కూర్చునేది నా మోకాలేగా."

ఆయన నవ్వి బానెట్ మూసేశాడు. ఆ మూసిన చెయ్యి కొంచెంసేపు దాని మీదే ఆనించి నిలబడ్డాడు. ఈ మధ్య అంతే. రెండు మెట్లెక్కితే చాలు, ఆగి, ఆకాశంలో ఏదో ఉన్నట్టు పైకి చూస్తాడు. ఏముందండీ అక్కడ అంటే, మబ్బు అంటాడు. మబ్బుండదు.

కప్పులు కడుగుతూ జాడలమ్మ ఆలోచించింది. జీపు చూస్తే గుండ్రాయిలా ఉంది. దానికేం కాదు. జీపుని పైకి తీసుకెళ్ళే మనిషే పైన కూలబడితే? అప్పుడు దింపేదెవరు? వచ్చినవాళ్ళకి ఆ దారి రాదు. తనకా, హారను తప్ప ఏమీ తెలీదు. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని, ఆయన దృష్టి ఆనని చోట కుడి, ఎడమ, ఆగండి, పోండి అనడమే గానీ స్టీరింగు ముట్టుకున్న పాపాన పోలేదు.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండి" అంది ముందు.

"డాక్టరు దగ్గరికెళ్తే జబ్బుందంటాడు. వాళ్ళ పనే అది. చెప్పులు కుట్టేవాడి దగ్గరికెళ్తే చెప్పు బాగానే ఉందంటాడా?"

"అయితే నాకు డ్రైవింగు నేర్పండి."

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఆవిణ్ణి కింది నుంచి పైదాకా చూశాడు. "ఇప్పుడా? పళ్ళూడే వయసులో పళ్ళపొడి కొన్నట్టు?"

"అక్షరాలు ఎప్పుడు నేర్చుకున్నాను? మన పిల్లకి పిల్ల పుట్టాక. వచ్చాయా లేదా?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని జీపు తాళం ఆవిడ చేతిలో పెట్టాడు.

పంక్చర్లాయన దుకాణం వెనక ఖాళీ స్థలం ఉంది. నేర్పడం అక్కడ మొదలైంది. మొదట్లో జీపు ఎగిరి ఎగిరి ఆగిపోయేది, కప్పగంతులు నేర్చుకుంటున్న ఏనుగులాగ. పంక్చర్లాయన పని మానేసి, టైరు మీద కూర్చుని చూసేవాడు.

"పిన్నిగారూ, ఆ గోడ నాది కాదు, ఇల్లుగలాయనది. కొంచెం చూసుకోండి!"

"నీ గోడ కాకపోతే నీకెందుకయ్యా బాధ?"

"గుద్దింది మీరైనా అద్దెకుండేది నేనండీ!"

జీపాయన తిట్టేవాడు, తలకొట్టుకునేవాడు, మళ్ళీ మొదటి నుంచి చెప్పేవాడు. "బొటనవేళ్ళు స్టీరింగు లోపల పెట్టకే. చక్రానికి రాయి తగిలితే అది గిర్రున తిరిగి వేలు విరిచేస్తుంది. బయట పెట్టు, రెండూ బయటే." "దిగేటప్పుడు బ్రేకు తొక్కకు. చిన్న గేరులో వదిలెయ్. ఇంజనే పట్టుకుంటుంది. దాన్ని నమ్ము, నన్ను నమ్మకపోయినా." "వాగులో ఆగకు. ఏమొచ్చినా ఆగకు. నెమ్మదిగా పో, కానీ పో."

నేర్చుకున్నంతకాలం రోజూ పొద్దున్నే వెళ్ళి చూసేది. పోయే జాడలు ఎదురుచూస్తూనే ఉన్నాయి. తిరుగు జాడలు రాలేదు. ఆవిడ ఇంటికొచ్చి మోకాలనేది, నడుమనేది, ఒకరోజు పన్ను నొప్పి అంది. "ఇంకా ఏ భాగం మిగిలిందో చెప్పు, రేపటికి రాసిపెట్టుకుంటాను" అన్నాడాయన.

ఈలోగా ఊరి సత్రంలో ఒక టైలరమ్మ, ఆవిడ తమ్ముడు దిగారు. చూపుల బండ చూడాలని వచ్చారు. మిగతా జీపులన్నీ పొరుగూరి జాతరకి కిరాయికి పోయాయి. రోజూ జీపాయన గుమ్మం ముందుకొచ్చి "రేపు వెళ్దామా అండీ?" అని అడిగి వెళ్తున్నారు.

ఒక పొద్దున జాడలమ్మ పాట సగంలోనే ఆపేసింది. ఇసుకలో బయటికి చూసే బాణాలు! సూటిగా, తడబాటు లేకుండా. కుడివైపు బాగా నొక్కుకుని మరీ ఉన్నాయి. ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయనే నడుపుకుంటూ వస్తాడన్నమాట. తన భయమంతా వట్టిదేనన్నమాట. పరుగులాంటి నడకతో ఇంటికెళ్ళి, "వెళ్దాం పదండి! వాళ్ళని పిలవండి!" అంది.

"మోకాలు?"

"అది నిన్ననే పోయింది."

లోయ మొదట్లో ఆగి, ఇసుకలో కూరుకోకుండా టైర్లలో కొంచెం గాలి తీశాడు. వెనక సీట్లో టైలరమ్మ, తమ్ముడు. ముందు ఎడమవైపు జాడలమ్మ. ఇసుక దాటారు. సందు దగ్గర తమ్ముడు దిగి అద్దాలు రెండూ లోపలికి మడిచాడు. రెండు వైపులా గోడ అంత దగ్గరగా ఉంటే టైలరమ్మ చెయ్యి చాచి రాయిని ముట్టుకుని, "పట్టుబట్ట కన్నా నున్నగా ఉందిరా" అంది. తమ్ముడు, "అక్కయ్యా, కొండకి కొలతలు తియ్యకు" అన్నాడు.

వాగు దగ్గరికి వచ్చారు. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఎడమకి చూపుల బండ. కుడికి అడవి కాపలావాళ్ళ గుడిసెలు, వాటి పక్కన ఊట, రోజూ నీళ్ళ జీపు డ్రమ్ములు నింపుకొచ్చేది అక్కణ్ణుంచే. పోయే జాడలు ఎడమకి తిరిగాయి. తిరుగు జాడలు కుడి నుంచి వస్తున్నాయి.

జాడలమ్మ ముందుకి వంగి చూసింది. "ఏమండీ, అవి అటు నుంచి వస్తున్నాయేమిటి?"

"అవి మనవి కావే, నీళ్ళ జీపువి. నిన్న పంక్చర్లాయన దానికి కూడా మన రకం టైర్లే వేశాడు. డ్రమ్ముల బరువంతా కుడివైపు కట్టుకుంటాడు వాడు, ఎన్నిసార్లు చెప్పినా వినడు."

ఆయన ఒక చూపు ఇసుక మీదికి, ఒక చూపు పెళ్ళాం మీదికి వేశాడు. జీపు వాగులో దిగింది, ఎక్కింది. అవతలి గట్టు మీద పోయే జాడలు తప్ప ఏమీ లేవు.

"మనవి లేవన్నమాట" అన్నాడు నెమ్మదిగా.

"లేవు."

"ఎప్పణ్ణుంచి?"

"మోకాలప్పణ్ణుంచి."

"అందుకా డ్రైవింగు" అన్నాడు. "చెప్పొచ్చుగా."

"చెప్తే ఆగేవారా?"

"ఆగేవాణ్ణి కాదులే."

"వెనక్కి తిప్పెయ్యండి."

"ఎక్కడ తిప్పను? ఇక్కడ మేక కూడా తిరగలేదు. పైన బండ మీద తప్ప చోటు లేదని నీకు తెలీదూ?"

వెనక నుంచి టైలరమ్మ, "ఏమైందండీ?" అంది. "ఏం లేదమ్మా, ఇంటి గొడవ" అన్నాడు జీపాయన. చిన్న గేరు వేసుకుని బండలెక్కించాడు. ఎప్పటికన్నా మెత్తగా నడిపాడు. జాడలమ్మకి ఆ మెత్తదనానికే భయమేసింది.

చూపుల బండ మీద వాళ్ళిద్దరూ దిగి అంచుకి వెళ్ళారు. జీపాయన దిగలేదు. జీపుని తిప్పి, మూతి కిందికి పెట్టి, ఇంజను ఆపాడు. ఎడమ చెయ్యి కుడి చేత్తో పట్టుకున్నాడు. మొహం మీద చెమట, వాన కురిసినట్టు.

"చెయ్యి లాగుతోందే" అన్నాడు. "ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. బాగా తిన్నవాడెవడో."

ఆవిడ కేక వేస్తే వాళ్ళిద్దరూ పరుగెత్తుకొచ్చారు. ముగ్గురూ కలిసి ఆయన్ని ఎడమ సీట్లోకి జరిపారు. టైలరమ్మ వెనక నుంచి చేతులు చాచి, చొక్కా బొత్తాలు క్షణంలో విప్పేసి, ఆయన తల తన రెండు అరచేతుల్లో పట్టుకుంది. తమ్ముడు కింద దారి వైపు చూశాడు. "నాకు కారు నడపడం వచ్చండీ, కానీ..." అన్నాడు. మళ్ళీ చూశాడు. "ఇది కారు దారి కాదు" అని వెనక ఎక్కి కూర్చున్నాడు.

జాడలమ్మ కుడి సీట్లో కూర్చుంది. ఆ సీటు ఆయన ఆకారంలో గుంటపడి ఉంది. ఆవిడ అందులో చిన్నపిల్లలా మునిగిపోయి, ముందుకి జరిగి, స్టీరింగు పట్టుకుంది. బొటనవేళ్ళు బయట.

ఎదురుగా నేల పుట్టిన పిల్ల వీపులా నున్నగా ఉంది. ఒక్క జాడ లేదు. ఆ లోయలో జాడ లేకుండా జీపు నడిపినవాళ్ళు ఎవరూ లేరు.

"ఎటు పోనండీ?"

"కిందికి" అన్నాడాయన. కళ్ళు మూసుకునే నవ్వబోయాడు.

చిన్న గేరులో వదిలింది. జీపు మూలుగుతూ దిగింది. బ్రేకు మీదికి పోబోయిన కాలిని పళ్ళు కొరికి ఆపుకుంది. మొదటి బండ మీద చక్రం జారి, స్టీరింగు గిర్రున తిరిగింది. చేతులు మంట పుట్టాయి గానీ వేళ్ళు దక్కాయి. రెండో బండకి ఎక్కడ దిగాలో తెలియలేదు. ఇంటి మెట్లు దిగుతుంటే ఏ కాలు ముందు పెడతామని ఎవరం ఆలోచిస్తాం! అలాగే పోనిచ్చింది. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని కుడి, ఎడమ అని తను చెప్పిన మాటలే ఇప్పుడు ఎవరో తనకి తిరిగి చెబుతున్నట్టుంది.

"ఏమండీ, మాట్లాడుతూ ఉండండి."

"ఊఁ."

"తిట్టండి పోనీ."

"తిట్టడానికి ఏం దొరకట్లేదే" అన్నాడు, ఆశ్చర్యంగా.

తర్వాత ఆ మాట కూడా లేదు. ఆయన తల కిటికీ వైపు వాలిపోయింది. ఆవిడకి తిరిగి చూడ్డానికి లేదు, ముందర వాగు. "ఉన్నారండీ, ఊపిరి ఉంది, కళ్ళు బయటికే చూస్తున్నాయి. మీరు పోనివ్వండి" అంది టైలరమ్మ. వాగులో నీళ్ళు తలుపుకి తగిలాయి. ఆగలేదు. సందులో గోడలు రెండూ దగ్గరికొచ్చాయి. ఊపిరి బిగబట్టి సన్నబడింది, తను సన్నబడితే జీపు సన్నబడుతుందన్నట్టు. ఇవతలికి వచ్చాక తమ్ముడు చెయ్యి బయటికి పెట్టి తన వైపు అద్దం తెరిచాడు. ఇసుక మీదికి వచ్చేసరికి ఆవిడా తన వైపు అద్దం తెరిచి, ఒక్కసారి అందులోకి చూసింది.

జీపు వెనక జాడలు పడుతున్నాయి. ఇటొకసారి అటొకసారి వంకరపోతూ, తాగినవాడి నడకలా ఉన్నాయి. అయినా పడుతున్నాయి, అన్ని ఊళ్ళల్లో పడినట్టే, చక్రం పోయాక. లోయకి తెలిసినవి ఆయన చేతులు. ఈవిడ చేతుల సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

ఆసుపత్రి గుమ్మం ముందు జీపు ఆగిందనడం కన్నా మెట్టుకి తగిలి నిలబడిందనడం మేలు.

డాక్టరు చిన్నమ్మాయి. చాలాసేపటికి బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ, "ఇంకాస్త ఆలస్యమై ఉంటే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదమ్మా. గండం గడిచింది. కానీ ఇక ఆయన స్టీరింగు ముట్టుకోకూడదు. ఎప్పటికీ. మీరే నెమ్మదిగా చెప్పండి" అంది.

అదెలా చెప్పాలో జాడలమ్మకి తెలియలేదు. మనిషి దక్కాడు, సరే. కానీ స్టీరింగు లేని ఆ రెండు చేతుల్ని ఆయన ఏం చేసుకుంటాడు? మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ దుప్పటి మీద పడుతోంది. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి, పైకప్పు వైపు చూస్తున్నాయి.

"ఏమండీ" అంది. "డాక్టరమ్మ ఏమందంటే..."

"విన్నానులే, తలుపు తీసే ఉంది." ఆయన చెయ్యి దుప్పటి మీద వెతుక్కుంటూ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ అరచేతిలో స్టీరింగు కందించిన చోట బొటనవేలితో రాశాడు. గొంతు చిన్నదైపోయింది, వంగి వినాల్సి వచ్చింది.

"ఒసేయ్, ఇన్నేళ్ళూ నేను చక్రం ముందు జానెడు నేల తప్ప ఏమీ చూళ్ళేదే. ఆ కొండలు అంత ఎత్తున ఉంటాయని ఇవాళ నీ పక్కన కూర్చుంటే తెలిసింది. లేచాక మళ్ళీ తీసుకెళ్ళు, ఎడమవైపు సగమే చూశాను."